చూడదగిన వాటిలో తొమ్మిదో నంబరు

ఆ వీధిలో అందరూ ఆమెను దుప్పట్లక్క అనే పిలుస్తారు. వీధి చివరి పెద్ద హోటలుకు దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు ఉతికి, ఆరేసి, మడతపెట్టి పంపడం ఆమె పని. పదిహేనేళ్ళుగా అదే పని. ఉండేది నాలుగంతస్తుల పాత భవనం మీది డాబా. ఒక గది, గది ముందు ఆరు తీగలు, తీగల నిండా తెల్ల దుప్పట్లు. గాలి వీచినప్పుడు దూరం నుంచి చూస్తే ఇల్లు ఎక్కడికో బయల్దేరినట్టే ఉంటుంది. అది ఎక్కడికీ కదలని ఇల్లు. దాని నీళ్ళు కింద ఉన్నాయి.

డాబా మీద కుళాయి లేదు. సందు మొదట్లో వీధి కుళాయి దగ్గర పట్టుకుని, భవనం బయటి గోడనంటి ఉన్న సిమెంటు మెట్ల మీదుగా అరవై నాలుగు మెట్లు మొయ్యాలి. కుళాయి దగ్గరే ఉతుకుదామంటే మిగతా ఇళ్ళవాళ్ళు ఊరుకోరు, అందులో వాళ్ళ తప్పూ లేదు. ఒకసారి రబ్బరు గొట్టం వేసి చూసింది. నీళ్ళు రెండో అంతస్తు దాకా వచ్చి, పిలవని ఇంటికి వచ్చినట్టు మొహమాటపడి వెనక్కి పోయాయి. అందుకని రోజుకు పద్నాలుగు సార్లు, రెండు చేతుల్లో రెండు బకెట్లు. ఇరవై ఏడో మెట్టు దగ్గర రెయిలింగు ఊడిపోయి మూడేళ్ళయింది. అక్కడ ఆగి, బకెట్లు దించి, వంగి, ఒక్కొక్కటీ గోడవారగా పై మెట్టు మీదికి చేర్చుకుని, ముంజేత్తో నుదురు తుడుచుకుని మళ్ళీ ఎత్తుకుంటుంది. రెయిలింగు ఊడిన రోజు నుంచి అత్తగారు కిందికి దిగలేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి, ఆ ఖాళీ చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయనేది.

ఆ ఏడాది మొదట్లో డాక్టరు దుప్పట్లక్క కుడి భుజాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంకో ఏడాది ఇలాగే మోస్తే ఈ చెయ్యి పైకి లేవదని చెప్పేశాడు. చెయ్యి లేవకపోతే తీగ మీద దుప్పటి పడదు, దుప్పటి పడకపోతే ఇల్లు గడవదు. కుళాయి కోసం ఆమె పెట్టుకున్న అర్జీ వయసు అప్పటికి ఎనిమిదేళ్ళు. అది బడిలో ఉండుంటే మూడో తరగతిలో ఉండేది.

ఆమె భర్త నగరం నడిబొడ్డున కొత్తగా కట్టిన టవరులో లిఫ్టు నడుపుతాడు. అరవై అంతస్తులు, నలభై సెకన్లు. ఊరూరి నుంచి, దేశదేశాల నుంచి వచ్చిన సందర్శకులను రోజుకు నూటయాభై సార్లు పైకి చేర్చి, సాయంత్రం తన నాలుగంతస్తులూ కాళ్ళీడ్చుకుంటూ ఎక్కి, మెట్లెక్కడమంటే తనకు పడదని చెప్పి పడుకుంటాడు.

అసలు గొడవంతా ఆ టవరులోనే మొదలైంది. పై అంతస్తులో పన్నెండు దుర్భిణులు బిగించారు. ఒక్కోదాన్ని ఒక్కో చూడదగిన చోటికి తిప్పి పెట్టారు: వంతెన, పాత కోట, సరస్సు, మ్యూజియం గుమ్మటం. తొమ్మిదో దుర్భిణి బిగించినవాడు దాని మెడను వంతెన వైపు కాకుండా తప్పు వైపుకు తిప్పి మరలు బిగించేశాడు. అది నేరుగా దుప్పట్లక్క డాబా మెట్లనే చూస్తుంది. మెడ తిప్పాలంటే మర విప్పాలి, మర విప్పాలంటే బిగించిన కంపెనీ రావాలి, కంపెనీ రావాలంటే కొత్త టెండరు పిలవాలి. పర్యాటక శాఖ అధికారి ఒకాయన బాగా ఆలోచించి, దుర్భిణిని తిప్పడం కంటే సందర్శకులకిచ్చే పటాన్ని తిప్పడం తేలికని తేల్చాడు. మరుసటి నెల అచ్చయిన పటంలో వంతెన ఎనిమిదో నంబరులోకి సర్దుకుంది. తొమ్మిదో నంబరు ఎదురుగా ఇలా ఉంది: ‘నీళ్ళు మోసే స్త్రీ. ఉదయం పదకొండు గంటలకు. ఇరవై ఏడో మెట్టు దగ్గర ఆగి, నగరానికి వంగి నమస్కరించును.’

జనం ఎగబడ్డారు. వంతెనలు ఏ ఊళ్ళో అయినా ఉంటాయి. ఈమె ఉతికిన దుప్పటి మీద రాత్రంతా పడుకుని, పొద్దున్నే లేచి, ఈమెను చూడ్డానికి టికెట్టు కొని టవరెక్కేవాళ్ళు. అదే మనిషి హోటలు వెనక తలుపు దగ్గర దుప్పట్ల మూటతో ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్ళు.

ఈ సంగతి ఆమెకు చాలా రోజుల దాకా తెలియదు. మొగుడికి తెలుసు. రోజూ లిఫ్టులో వింటూనే ఉన్నాడు, ఇంట్లో నోరు విప్పలేదు. తరవాత నిలదీస్తే, నీ గురించి అందరూ మంచిగానే మాట్లాడుకుంటున్నారు కదా, ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నానన్నాడు. ఇంత మంచి నీ నోట ఒక్కసారీ రాలేదేమని అత్తగారు కొడుకును అడిగింది. అతను మెట్లెక్కి అలిసిపోయానని అటు తిరిగి పడుకున్నాడు.

తెలిసింది ఎలాగంటే, ఒకరోజు అధికారే మెట్లకింద దాకా వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో టై, టై మీద టవరు బొమ్మ. ప్లాస్టిక్ బకెట్లు దుర్భిణిలో బాగా రావడం లేదట, ఎరుపూ నీలం రంగులు కళ్ళకు గుచ్చుకుంటున్నాయట. రెండు ఇనప బిందెలు తెచ్చాడు, పాతవిలా కనబడేలా రంగు వేయించినవి. ఖాళీగా ఎత్తితేనే ఒక్కొక్కటీ నిండు బకెట్టంత బరువుంది. పదకొండు గంటల ట్రిప్పుకు ఇవి వాడితే చాలు, తక్కిన పదమూడుకూ మీ ఇష్టమని పెద్దమనసు చూపించాడు. ఒంట్లో బాగుండకపోతే రెండు రోజుల ముందు రాసివ్వాలని కూడా చెప్పాడు. పోతూ పోతూ మెట్ల మొదట్లో ఒక బోర్డు పెట్టించాడు: ‘దయచేసి ప్రదర్శనను పలకరించరాదు.’ ఆ రోజు నుంచి పక్కింటావిడ కూడా బోర్డుకు అటుపక్క నిలబడి సైగలతో పలకరించడం మొదలుపెట్టింది.

దుప్పట్లక్క బిందెలు తీసుకుంది. ఆమె లెక్క ఆమెకుంది. ఇంత పెద్ద శాఖవాళ్ళు మన మెట్ల దాకా వచ్చారంటే మన కుళాయి అర్జీకీ కాళ్ళొస్తాయనుకుంది. నిజంగానే వచ్చాయి. నీటి శాఖలో కదిలింది, మంజూరు అయింది, ఒక్క సంతకం మిగిలింది. పర్యాటక శాఖకు అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, ఎందుకంటే ఇప్పుడా మెట్లు చూడదగిన ప్రదేశం.

పర్యాటక శాఖకు అభ్యంతరం ఉంది.

ఆమె ఆఫీసుకే వెళ్ళి అడిగింది. అధికారి కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. గోడకు ఆమె ఫొటో ఉంది, నిలువెత్తున, ఇరవై ఏడో మెట్టు మీద వంగి.

“కుళాయి వస్తే మీరు నీళ్ళు మొయ్యరు కదమ్మా,” అన్నాడు, చాలా బాధగా.

“మొయ్యకూడదనే కదయ్యా అడుగుతున్నాను.”

“మీరు మొయ్యకపోతే తొమ్మిదో నంబరులో ఏం చూపించమంటారు?”

“వంతెన చూపించండి.”

“పటం అచ్చయిపోయిందమ్మా,” అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ నగరం పేదవాడి ఇంటిని దగ్గర్నుంచి చూస్తే కూల్చమంటుంది, దూరం నుంచి చూస్తే కదల్చొద్దంటుంది. లోపల మనిషి ఉన్నాడన్న సంగతి ఏ దూరం నుంచి చూస్తే కనబడుతుందో ఇంతవరకూ ఎవరూ కొలవలేదు. దుప్పట్లక్క అలాంటి మాటలేమీ అనలేదు. ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఇంటికొచ్చి మొగుణ్ణి ఒకటే అడిగింది, మీ టవరెక్కాలంటే ఎన్నింటికి రావాలని.

ఆమె ఎంచుకున్న రోజు కూడా మామూలు రోజు కాదు. విదేశీ ప్రయాణ సంస్థల పెద్దలు ఇరవై మంది తొమ్మిదో నంబరును చూసి, తమ జాబితాల్లో చేర్చుకోవాలో లేదో తేల్చే రోజు. అధికారి పొద్దున పదిన్నరకే సందులోకి వచ్చి మెట్లు కడిగించాడు. పదకొండుకు ఐదు నిమిషాలుండగా చూస్తే కుళాయి కింద బిందెలు ఖాళీగా ఉన్నాయి. పైనున్న అత్తగారు పిట్టగోడ మీంచి తొంగి చూసింది.

“మా కోడలు లేదు బాబూ. ఊరు చూడ్డానికెళ్ళింది.”

“ఏ ఊరు?”

“ఈ ఊరే. పదిహేనేళ్ళయింది వచ్చి, పాపం ఏదీ చూళ్ళేదు.”

అదే సమయానికి దుప్పట్లక్క అరవయ్యో అంతస్తులో ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుని, చెప్పులు తుడుచుకుని, వరసలో నిలబడి, తొమ్మిదో దుర్భిణికి కన్ను ఆనించింది. తన తీగలు కనబడ్డాయి. మూడో తీగ మీద ఒక దుప్పటి అడ్డదిడ్డంగా వేసి ఉంది, అది అత్తగారి పనే. నీళ్ళ తొట్టి పక్కన కుర్చీ వేసుకుని అత్తగారు టవరు వైపు చెయ్యి ఊపుతోంది. మెట్లు మాత్రం ఆమె అనుకున్న దానికంటే చాలా పొట్టిగా ఉన్నాయి. చిటికెనవేలు అడ్డంపెడితే అరవై నాలుగూ మాయమయ్యాయి.

మైకు పట్టుకున్న గైడు పెద్దలకు వివరిస్తున్నాడు. తరతరాలుగా వస్తున్న ఆచారమట, ఆమె అమ్మమ్మ కూడా అదే మెట్టు మీద వంగేదట. వాళ్ళమ్మమ్మ ఈ ఊరు మొహం కూడా చూడలేదని దుప్పట్లక్క మనసులో అనుకుని, కన్ను తియ్యకుండా చూస్తూనే ఉంది.

పదకొండు దాటి ఏడు నిమిషాలకు మెట్ల మీద కదలిక కనబడింది. టై భుజం మీదికి వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రెండు ఇనప బిందెలతో పర్యాటక శాఖ ఎక్కుతోంది. గుర్తుపడతారని కాబోలు, తీగ మీంచి అత్తగారు విసిరిన దిండు గలీబు తలకు చుట్టుకున్నాడు.

“ఇవాళ ఆమె భర్త మోస్తున్నట్టున్నాడు,” అన్నాడు గైడు, తన చేతిలోని చిన్న దుర్భిణిలో చూసి, తడుముకోకుండా.

పక్కన లిఫ్టు తలుపు తెరిచి నిలబడ్డ భర్త గబుక్కున తలుపు మూసేసి కిందికి పోయాడు.

“అతను పదకొండో మెట్టుకే వేళ్ళు మార్చాడు, ఎక్కలేడు,” అంది దుప్పట్లక్క, పైకే. పెద్దలు ఆమె వైపు తిరిగారు. “ఇరవై ఏడు దగ్గర ఆగుతాడు చూడండి. నమస్కారం పెట్టడానిక్కాదు. అక్కడ రెయిలింగు లేదు. వంగి, ఒక్కో బిందెనూ గోడవారగా దాటించకపోతే బిందెతో పాటు మనమూ కింద ఉంటాం.”

అధికారి ఇరవై ఏడో మెట్టు దగ్గర ఆగాడు. వంగాడు. లేవలేదు. మెల్లగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక బిందె ఆయన్ని వదిలేసి, దొర్లుకుంటూ, మెట్టుమెట్టుకూ నీళ్ళు పంచుతూ కిందికెళ్ళిపోయింది.

ఇవన్నీ మీకెలా తెలుసని ఒక పెద్దాయన అడిగించాడు. రోజూ మోసేది నేనేనని చెప్పిందామె. గైడు ఆ మాట వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. పెద్దలు ఆమెను చూశారు, దుర్భిణిని చూశారు, మళ్ళీ ఆమెను చూశారు. ఉతికిన బట్టల్లో, చేతులు ఖాళీగా, రెండడుగుల దూరంలో ఉన్న మనిషి. నమ్మబుద్ధి కాలేదు వాళ్ళకు. కొంచెం పక్కకు జరిగితే తాము చూస్తామని ఒకాయన చాలా మర్యాదగా అడిగించాడు. ఆమె జరిగింది.

అధికారి అక్కడ నలభై నిమిషాలు కూర్చున్నాడు. లేద్దామంటే నడుం పట్టేసింది, దిగుదామంటే పక్కన ఖాళీ. పైనుంచి అత్తగారు ధైర్యం చెబుతూనే ఉంది. తానూ మూడేళ్ళుగా ఆ ఖాళీకి భయపడే కూర్చుందనీ, అలవాటైపోతుందనీ, కావాలంటే ఇంకో గలీబు విసురుతాననీ అంది. ఆఖరికి ఇద్దరు వచ్చి, ఒకడు ముందు, ఒకడు వెనక పట్టుకుని దింపారు.

మర్నాడే రెయిలింగు వేశారు. మూడేళ్ళలో ఎన్ని అర్జీలు పెట్టినా కదలని ఫైలు అధికారి కూర్చున్న నలభై నిమిషాలకు కదిలింది. నాలుగో రోజున అభ్యంతరం లేదన్న పత్రం వచ్చింది, వారం తిరిగేలోగా మోటారుతో సహా డాబా మీద కుళాయి వచ్చింది. పత్రం కింద చిన్నక్షరాల్లో ఒక షరతు కూడా వచ్చింది: పదకొండు గంటల ట్రిప్పు యథాతథంగా జరగవలెను. నేను మొయ్యనని దుప్పట్లక్క ఇంటికొచ్చిన గుమాస్తాకు తలుపు దగ్గరే చెప్పింది. గట్టిగా కూడా అనలేదు, కుళాయి కింద తొట్టి నిండుతుంటే చప్పుడులో వాడే రెండుసార్లు చెప్పించుకున్నాడు.

దాంతో శాఖ ఒక నటిని ఉద్యోగంలోకి తీసుకుంది. నాటకాల పిల్ల, చదువుకుంది. ఆమెకు గుర్తింపు కార్డు, సెలవులు, భుజానికి బీమా. బిందెలు కూడా కొత్తగా చేయించిన తేలికపాటి రేకువి, అవీ ఖాళీవే. పదిహేనేళ్ళు నీళ్ళు మోసిన మనిషికి లేనివన్నీ నీళ్ళు మొయ్యని మనిషికి దొరికాయి. ఆ అమ్మాయి తప్పేం లేదు, బుద్ధిమంతురాలు. మొదటి రోజే పైకొచ్చి పని నేర్పమంది.

“ఖాళీ బిందెలా ఊపుతున్నావు తల్లీ,” అంది దుప్పట్లక్క, తీగ మీద దుప్పటి దులుపుతూ. “నిండుదైతే చెయ్యి ఊగదు. మెడ పక్కన నరం లాగుతుంది. ఆ లాగుడు మొహంలోకి రావాలి.”

“సరే అక్కా. ఇరవై ఏడు దగ్గర ఎందుకు ఆగాలి? అక్కడ రెయిలింగు ఉంది కదా?”

దుప్పట్లక్క పిట్టగోడ మీంచి వంగి కొత్త రెయిలింగు వైపు చూసింది. ఆగడానికి కారణం ఆమెకు కూడా కనబడలేదు.

“పటంలో ఉంది. ఆగు,” అంది.

మరుసటి రోజు పదకొండు గంటలకు నటి బిందెలతో ఎక్కుతోంది. నిండు బిందెల నడక బాగానే వచ్చింది. సరిగ్గా అప్పుడే, కొత్త రెయిలింగును రెండు చేతులా పట్టుకుని, మూడేళ్ళ తరవాత మొదటిసారి, అత్తగారు దిగుతోంది. ఇరవై ఏడో మెట్టు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. మెట్లు ఒక్క మనిషికే సరిపోయేంత సన్నం. ఖాళీవే కదా, పక్కకు పెట్టమ్మా అంది అత్తగారు. నటి బిందెలు పెట్టి, గోడకు నక్కి దారిచ్చింది. అత్తగారు ఆ మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని, టవరు వైపు తిరిగి చెయ్యి బాగా పైకి చాపి ఊపింది.

అరవయ్యో అంతస్తులో గైడు మైకు నోటి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు. ఈమె ఎవరో ఆ పటంలో లేదు. సందర్శకులు మాత్రం తిరిగి చేతులూపారు. పైన డాబా మీద దుప్పట్లక్క కుళాయి కట్టేసి, ఎడంచేత్తో కుడి భుజం నొక్కుకుంటూ, అత్త ఎన్నో మెట్టు దాకా వెళ్ళిందోనని పిట్టగోడ మీంచి వంగి చూసింది.