పోలమ్మ కూతురి చెలమ

దెయ్యాలంటే నాకు చిరాకు. భయం కాదు, చిరాకు. మద్రాసులో పుట్టి పెరిగినోణ్ణి, కెమికల్ ఇంజనీరింగ్ చదివినోణ్ణి. దెయ్యాన్ని చూసినానని ఎవడైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం. ఇది రాస్తున్నందుకు నా మీద నాకే మంటగా ఉంది.

చిల్లకూరుకి తూర్పున, సముద్రం దగ్గర ఒక తోళ్ళ ఫ్యాక్టరీ. తోళ్ళు నానబెట్టిన సున్నం నీళ్ళు వెనక గుంటలోకి వదిలేస్తారు. దాని దిగువన చేపలు పట్టేవాళ్ళ పాళెం. వాళ్ళకి బావి లేదు. రోజూ పొద్దున్నే ఆడోళ్ళు ఇసకలో ఇంటికొక చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతో తోడుకుంటారు. గుంటలో కంపు ఇసక కిందనుంచి ఆ చెలమల్లోకి చేరుతోందా లేదా, గుంటలో రంగు కలిపి తేల్చడం నా పరిశోధన.

ఫ్యాక్టరీ మేనేజరు ఒట్టి వెధవ. నేను వాడి ఆఫీసులో ఫోను చెవికి అతికించుకుని ట్రంక్ కాల్ కోసం అరుస్తుంటే, పుల్లతో పళ్ళు కుట్టుకుంటా నవ్వేవాడు.

"ఒక్క వారం చూస్తాం సార్. వాళ్ళ నీళ్ళలో మీ రంగు కనబడిందా, గుంట పూడ్చేస్తాం. లేదా, మూటాముల్లె సర్దుకోండి."

వారమంట! ఇసకలో నీళ్ళు ఎంత మెల్లగా కదుల్తాయో వాడికేం తెలుసు? నా లెక్క ప్రకారం రంగు రావడానికి నెలలు పడుతుంది. నన్ను పంపేస్తే పిల్లలు ఆ విషమే తాగుతుండాలి. తిక్క రేగి, ఆ సాయంత్రమే డబ్బాడు పచ్చరంగు గుంటలో పోసినా.

మర్నాడు పొద్దున పాళేనికి పోయినా. చెలమలన్నీ తేటగా ఉన్నాయి. చిట్టచివర, ఫ్యాక్టరీకి అన్నిటికన్నా దూరంగా ఉన్నది ఒక్కటి మాత్రం చిలకపచ్చగా మెరుస్తా ఉంది.

అది పాళెంలో పోలమ్మ అనే ఆమె తవ్వింది. వాంతులతో పోయిన కూతురి కోసం. ఏడాది తిరిగేదాకా పోయినోళ్ళకి కూడా ఒక చెలమ తవ్వుతారంట. అందులో నీళ్ళు ఎవరూ ముట్టరు.

మేనేజరుని లాక్కొచ్చినా.

"నువ్వే కలిపినావు," అన్నాడు, సారూ గీరూ మర్చిపోయి.

"అయితే నువ్వే తోడి చూడరా!"

తోడినాడు. అడుగు ఇసక కనబడేదాకా తోడినాడు. మళ్ళీ ఊరింది. పచ్చగానే ఊరింది. ముంత ఇసకలో పడేసి లేచినాడు.

పోలమ్మ ఏడవలేదు. "నా బిడ్డ ముందుగా తాగి చూసినాదయ్యా," అంది, "మనకి చెప్పేదానికి."

ఆ రోజునుంచి ఎవరూ అక్కడ తవ్వలేదు. ఉత్తరంగా చాలా దూరం నడిచి నీళ్ళు తెచ్చుకున్నారు. గుంట మాత్రం పూడ్చలేదు. ఆ వెధవ మాట విలువ అంతే.

ఎండాకాలంలో మళ్ళీ పోయి నేనే వరసగా తవ్వి చూసినా. నా లెక్క తప్పలేదు. ఫ్యాక్టరీ వైపునుంచి నీళ్ళు పచ్చబడుతున్నాయి. చివరిదాకా రంగు ఇంకా రాలేదు. పోలమ్మ కూతురి చెలమ ఉన్నచోట తవ్వితే నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

మా ప్రొఫెసరు, "నీ చేతికంటిన రంగయ్యుంటుంది పోవోయ్," అని కొట్టిపారేసినాడు. చేతి రంగు ఒక ముంతెడు నీళ్ళని పచ్చగా చేస్తుందేమో. తోడిపోసినాక కొత్తగా ఊరిన నీళ్ళనా? తెలిసినోడెవడైనా ఉంటే నా ముందుకొచ్చి చెప్పమనండి. నాకైతే తెలీదు.