పొద్దుటి మొదటి బిందె

ప్రయోగశాల తలుపు తీయగానే వేడెక్కిన పంపు నూనె వాసన గుప్పుమంటుంది. అయాన్లను బరువును బట్టి వేరుచేసే పెద్ద యంత్రం ఒకటి ఉంది మా దగ్గర, దాని గొట్టాల్లోంచి గాలిని తోడేసే పంపులు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఆ వాసన తగలగానే కేసముద్రం దగ్గరి మా ఊళ్లో, పత్తి చేన్ల నడుమ మోటారు కొట్టం ముందు నిలబడతాను. ఏళ్లుగా ఇదే ఉద్యోగం, ఇదే వాసన, ఇదే కోపం.

బతుకమ్మ రోజులంటే నాకు గునుగు పూలు కోసి రంగులద్దడం, వేయించిన నువ్వులను అవ్వ రోట్లో దంచుతుంటే వచ్చే కమ్మటి వాసన (మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తాం), మలీద ముద్దల బెల్లం అంటిన వేళ్లు నాకుతూ నేనూ చెల్లె సునీతా అరుగు మీద ఆడిన కచ్చకాయలు. సరిగ్గా ఆ రోజుల్లోనే పత్తికి పురుగు పట్టేది, ఊరంతా మందు కొట్టేది. పొద్దుగూకే వేళకు చేన్ల నుంచి వచ్చినవాళ్లంతా మందు పంపులనూ డ్రమ్ములనూ ఊరంతా నీళ్లు పట్టుకునే చేతి బోరింగ్ గద్దె మీదే కడిగేవాళ్లు. నీళ్లు అక్కడే ఉన్నాయి కదా, ఇంకెక్కడ కడుగుతారు? మా బాపూ అక్కడే కడిగాడు. పగిలిన గద్దె సందుల్లోంచి ఆ పాల రంగు నీళ్లు ఎటు దిగుతున్నాయో ఒక్కరూ వంగి చూడలేదు.

వాసన పట్టింది అవ్వ ఒక్కతే. తెల్లవారి మొదటి బిందె ఆమెదే. "నీళ్లు మందు వాసనొస్తున్నయ్" అని ఆమె అంటే, పొద్దెక్కాక వచ్చే ఆడవాళ్లు పుడిసిలి పట్టి తాగి చూసి, ఏమీ లేదనేవాళ్లు. నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెతలు చెప్పారు. సునీత ఏది తిన్నా కక్కుకోవడం మొదలయ్యాక అవ్వ వాళ్లనూ వీళ్లనూ బతిమాలడం మానేసి, రోజు కూలి వదులుకుని మండలాఫీసు చుట్టూ తిరిగింది. చివరికి నీళ్లు చూడటానికి ఒక సారు వస్తున్నాడని కబురొచ్చింది.

చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడ్చి అలుకు చల్లే ఊరు మాది. సర్కారు మనిషే వస్తుంటే ఊరుకుంటామా? సర్పంచి పొద్దున్నే గద్దె కడిగించి, ముగ్గు పెట్టించి, సారుకు మంచి నీళ్లు అందాలని పిల్లలందరినీ వంతులవారీగా బోరింగు కొట్టమన్నాడు. పదేళ్ల దాన్ని, అందరికంటే ఎక్కువసేపు నేనే కొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి, మోకాళ్ల దాకా తడిశాను, మోరీ పొంగి నీళ్లు బజారున పారాయి. సర్పంచి భుజం తడితే ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పొద్దు నెత్తికెక్కాక సారు వచ్చాడు. సీసాలో నీళ్లు పట్టి, ఏదో రంగు మందు రెండు చుక్కలు వేసి, "అద్దంలా ఉన్నాయి కదండీ, బ్రహ్మాండంగా తాగొచ్చు" అన్నాడు. అప్పుడే చేను నుంచి పరుగున వచ్చిన అవ్వ, పారుతున్న మోరీని చూసి తల పట్టుకుంది.

"గివి కాదు సారూ. పొద్దుగాలసంది కొట్టంగ కొట్టంగ అచ్చిన నీళ్లివి. వాసనొచ్చే నీళ్లన్ని ముందుగాలనే మోరీల పోయినయ్. రేపు జర తెల్లారక ముందే రాండ్రి, మొదటి బిందె పట్టి సూడుండ్రి."

"రాండ్రి, సూడుండ్రి!" అని ఆమె గొంతును అనుకరించి నవ్వాడా మనిషి. సినిమాల్లో మా మాటకు నవ్వినట్టే నవ్వాడు. అంతకంటే ఘోరం, మావాళ్లూ నవ్వారు.

వరి కోతలకు ముందే సునీత పోయింది. దవాఖానలో జ్వరమని రాసిచ్చారు. ఊరి బోరింగును బద్నాం చేసినందుకు దేవుడు చూపించాడని అన్న నోళ్లూ ఉన్నాయి. ఆ యేడు అవ్వ కల్లంలో ఎత్తుపీట మీద నిలబడి వడ్లు తూర్పారబట్టింది. గట్టి గింజ దగ్గర పడేది, పొల్లు దూరం పోయేది. కానీ గాలి ఒక్క తీరుగా వీచదు, చెయ్యి ఒక్క తీరుగా ఊగదు, అందుకే నడుమ రెండూ కలిసిన కుప్ప ఒకటి మిగిలేది. దాన్ని మళ్లీ చాటలో పోసుకుని చెరిగేది.

మా యంత్రానిదీ ఆ నడిమి కుప్ప బాధే. పరీక్షకు వచ్చిన నీళ్లలోంచి తీసిన చుక్కను ఆవిరి చేసి, ఎలక్ట్రాన్లతో కొట్టి అయాన్లుగా మార్చి, వేల వోల్టులతో గొట్టంలోకి తోస్తాం. అయస్కాంతం తేలికవాటిని ఎక్కువ, బరువైనవాటిని తక్కువ వంచుతుంది. కానీ ఒకే బరువున్నవన్నీ ఒకే వేగంతో బయలుదేరవు, ఒకే దిక్కుకూ పోవు. కొంచెం వేగంగా వచ్చింది పక్కకు జరిగి వేరే బరువుదానితో కలిసిపోతుంది. అందుకని అయస్కాంతానికి ముందు వంపు తిరిగిన రెండు లోహపు పలకలు పెట్టి, వాటి మధ్య విద్యుత్ క్షేత్రం ఉంచారు. అది బరువు చూడదు, శక్తిని చూస్తుంది. వేగాల తేడా వల్ల అయస్కాంతం ఎంత చెదరగొట్టబోతుందో, అంతకు సరిపోయేలా ముందే ఎదురు దిక్కుకు చెదరగొడుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వేగం ఏదైనా, దిక్కు ఏదైనా, ఒకే బరువున్నవి చివరి సన్నటి చీలిక దగ్గర ఒక్కచోట చేరతాయి. వెంట్రుకవాసి తేడా ఉన్న రెండు పదార్థాలు కూడా దీని కన్నుగప్పలేవు. రెండు రంగు చుక్కలతో తేల్చేసిన ఆ సారును పట్టుకొచ్చి దీని ముందు కూర్చోబెట్టాలని ఎన్నిసార్లు పళ్లు కొరుక్కున్నానో.

పోయిన నెల, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు సీసాలు సంచిలో పెట్టుకుని ఊరికి పోయాను. ఇంటింటికీ నల్లాలొచ్చాక బోరింగు గొట్టాలు పీకేశారట. రాళ్లు నింపి, పైన సిమెంటు రోడ్డు పోశారు. గద్దె లేదు, మోరీ లేదు, నవ్వినవాళ్లలో సగం మంది లేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సీసాలతో ఆ రోడ్డు మీద నిలబడ్డాను.

"ఇప్పుడేం పట్కపోతవ్ బిడ్డా?" అంది అవ్వ.

ఆమె మాట నిజమో కాదో తేల్చి, కింద సంతకం పెట్టే ఉద్యోగం నాది. యంత్రానికి పొయ్యడానికి ఒక్క చుక్క కావాలి, అంతే. ఆ పొద్దున బోరింగులోంచి మొదట వచ్చిన బిందెలకు బిందెలను బజారుకు పారబోసింది నేనే.