కలలు రానివ్వని మాత్ర

ఒమాన్‌లోని సోహార్ వచ్చిన రెండో ఏడు నాకు థైరాయిడ్ ఉందని తేలింది. మా ఆయన పోర్టు దగ్గర ప్లాంటులో ఇంజనీరు. ఆయన తెల్లవారుజామునే కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోతే నేను పరగడుపున మాత్ర మింగి, కాఫీ కోసం అరగంట ఆగేదాన్ని. ఆ అరగంట ఏ పనికీ చెందదు. బాల్కనీలో కూర్చుంటే చలికాలంలో సముద్రం వైపు నుంచి మంచు పాకి వచ్చి, ఖర్జూరపు చెట్ల మొదళ్ళను మింగేసేది. తలలు మాత్రం గాల్లో తేలుతూ ఉండేవి. మెలకువగా ఉన్నానో, ఇంకా నిద్రలోనే ఉన్నానో నాకే తెలిసేది కాదు.

"ఇంక జీవితాంతం వేసుకోవాలా?" అని మొదట్లో డాక్టరుగారిని అడిగాను. ఆయనది సూడాన్, నెమ్మదస్తుడు. "భోజనం మానేస్తారా ఎప్పుడైనా? ఇదీ అంతే" అన్నారు.

మా వీధి చివరి క్లినిక్‌లో ఇలా ఏళ్ళ తరబడి మందులు వాడేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. డాక్టరు చూసి మూడు నెలలకు రాస్తారు. ఫార్మసీవాళ్ళు ఆ చీటీ మీదే ఏ నెలకానెల మందు ఇస్తారు. మూడు నెలలూ అయ్యాక మాత్రం ఊరికే ఇవ్వరు. రక్తం తీసి, బీపీ చూసి, మందు అలాగే ఉంచాలో మార్చాలో డాక్టరు తేల్చాకే మళ్ళీ కొత్త చీటీ. "బాగానే ఉన్నాగా, ఆ మాత్రలే ఇచ్చేయొచ్చుగా" అని విసుక్కుంటే, రిసెప్షన్‌లోని మలయాళీ అమ్మాయి "బాగున్నారని డాక్టర్ చెప్పాలి మేడమ్" అనేది.

ఒక జనవరి ఉదయం నా రక్తపరీక్ష ఫలితం కోసం అక్కడ కూర్చున్నాను. అద్దాల తలుపులకు అవతల అంతా తెల్లగా ఉంది. ఆ తెల్లదనంలోంచి ఒక చక్రాల కుర్చీ వచ్చింది. అందులో ఒక ఒమానీ ముసలమ్మ, వెనక కుర్చీ తోస్తూ తలకు స్కార్ఫ్ చుట్టుకున్న మనిషి. ముసలమ్మకు బీపీ మందులట, అవి వెంటనే ఇచ్చేశారు. తోస్తున్నామె తన మందులూ అడిగింది. నర్సు కంప్యూటర్ చూసి హిందీలో నిలదీసింది.

"నీ మందు అయిపోయి నెల దాటింది. ఇన్నాళ్ళూ ఏం వేసుకున్నావు?"

"మిగిలినాయి" అందామె తల దించుకుని.

"మిగలకూడదు కదా! డాక్టర్‌ని చూడకుండా ఇవ్వను. కూర్చో."

ఆమె నా పక్కన కూలబడి "దేవుడా" అంది. నేను ఉలిక్కిపడి "మనవాళ్ళేనా అమ్మా? ఏ ఊరు?" అన్నాను.

"కడప పక్కన అక్కా" అంది. ఆ రెండు మాటలతో ఆమె ముఖమే మారిపోయింది. సోహార్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది, ఆ ముసలమ్మను చూసుకోవడమే డ్యూటీ. చిన్నప్పటి నుంచీ ఫిట్స్. మాత్రలు వాడుతున్నంత కాలం రాలేదు. మరి ఎందుకు మిగిలాయని అడిగాను.

"మా అక్క పోయింది అక్కా. నన్ను సాకింది ఆమే. పోయినాక నాకు కలలో వచ్చేది. ఇద్దరం శెనక్కాయలు ఒలుచుకుంటా మాట్లాడుకుంటాంటిమి. ఇక్కడికొచ్చినాక మాత్ర మోతాదు పెంచినారు. కండ్లు మూస్తే చీకటి, తెరిస్తే తెల్లారింటాది. మధ్యలో ఏమీ ఉండదు. అందుకే ఒకనాడు ఏసుకుంటా, ఒకనాడు మానుకుంటా. మానుకున్న రాత్రి అక్క వస్తాది."

"ఫిట్స్ వస్తే ఎలాగమ్మా? డాక్టర్‌తో చెప్పు."

"చెప్తే ఇంటికి పంపించేస్తారేమో. అయినా కల గురించి యాడ చెప్పేది? నాకొచ్చిన అరబ్బీ అన్నం, నీళ్ళు, కడుగు, రా, పో... అంతే."

నేను చెబుతానన్నాను. సరేనంది. ముసలమ్మను బయట వదలనంటే, ఆమెతో సహా ముగ్గురం లోపలికి వెళ్ళాం.

నేను చెప్పిందంతా డాక్టరుగారు విన్నారు. నవ్వలేదు. దాన్ని ఆయన అరబ్బీలో చెబుతుంటే, కల అన్న మాట వినగానే ముసలమ్మ తలెత్తింది. గబగబా ఏదో చెప్పింది. డాక్టరు నాకు ఇంగ్లీషులో చెప్పారు. నిన్న కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోస్తూ ఈమె చేయి అలాగే ఆగిపోయిందట, పిలిచినా పలకలేదట. ఫింజాన్ కప్పు నిండి ముసలమ్మ ఒళ్ళోకి కారిందట. అదీ ఒక రకం ఫిట్సే అన్నారు.

ఆ మాట తెలుగులో చెప్పగానే ఆమె "నాకేమీ తెలీదక్కా" అని ముసలమ్మ మోకాళ్ళ మీద తల పెట్టేసింది. "యుమ్మా, పంపించొద్దు" అంది. యుమ్మా అంటే అమ్మా అని. ముసలమ్మ ఆమె నెత్తిన చేయి వేసి, కాస్త కోపంగానే ఏదో అంది. డాక్టరు నవ్వుతూ అనువదించారు. "ఈమె పోతే నా జుట్టు ఎవరు దువ్వుతారు అంటోంది."

తర్వాత ఆయన మెల్లగా వివరించారు. ఈ మందు ఉన్నట్టుండి మానకూడదు, ఒకరోజు విడిచి ఒకరోజు అసలే కూడదు. కలలు రాకపోవడం కూడా చెప్పుకోవాల్సిన సంగతే. అందుకే కదా మళ్ళీ మళ్ళీ రమ్మనేది! రక్తంలో మందు ఎంతుందో చూసి, మోతాదు తాను మారుస్తానన్నారు. మూడు నెలలు కాదు, నెలకే రావాలి. ముసలమ్మ ఆమెను వేలితో బెదిరించి తన గుండె తట్టుకుంది. రోజూ మాత్ర తనే ఇస్తుందట.

నెల తర్వాత నేను మందులు తీసుకుంటుంటే ఫార్మసీ దగ్గర ఇద్దరూ కనిపించారు. ఆమె ముఖం తేటగా ఉంది. "చెయ్యి మళ్ళీ ఆగలేదక్కా" అంది. అక్క వచ్చిందా అని అడిగాను.

"అక్క రాలే. యుమ్మా వచ్చింది! మా కడప మాటల్లోనే తిట్టింది, మాత్ర ఏసుకున్నావా లేదా మే, అని." ఇద్దరం పడీపడీ నవ్వాం. ఏమిటో తెలియకపోయినా ముసలమ్మా నవ్వింది.

ఎండాకాలం రాకముందే ముసలమ్మ పెద్దకొడుకు వాళ్ళను ఇబ్రి అనే ఊరికి తీసుకెళ్ళిపోయాడు. డాక్టరుగారు అక్కడి క్లినిక్‌కు ఫోన్ చేసి మందు సంగతి చెప్పారని నర్సు అంది. ఇబ్రి నుంచి ఆమె ఒకసారి నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. అక్క కలలోకి వచ్చిందట, ఏమీ మాట్లాడలేదట, ఊరికే పక్కన కూర్చుని కాయలు ఒలిచి వెళ్ళిపోయిందట. "చాలక్కా" అంది. వెనకాల ముసలమ్మ ఎవరినో గట్టిగా పిలుస్తోంది. "వస్తాండా యుమ్మా" అంటూ ఆమె గొంతు దూరమైపోయింది.