పాకాలలో దిగిపోయిన పెద్దాయన

యుద్ధం రోజులవి. క్షయ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి రెండేళ్లయింది నాకు. చిత్తూరులో తిరుపతి రైలెక్కితే, ఒళ్లో పూలూ పండ్లూ ఉన్న బుట్ట పెట్టుకున్న పెద్దాయన జరిగి చోటిచ్చాడు.

"నేను చంద్రగిరిలో దిగాల. నువ్వు యాడ పని చేస్తా ఉండావప్పా?"

చెప్పి ఊరుకోలేదు, గొప్పలకు పోయాను. చంద్రగిరి పక్క పల్లెలో బడిపంతులు రెండో కూతురు రక్తం కక్కుతూ వచ్చిందనీ, నేనే దగ్గరుండి మందులు తాగించాననీ పల్లె పేరుతో సహా చెప్పాను.

పాకాలలో బండి ఆగగానే ఆయన బుట్టతో లేచాడు.

"ఆ పిల్లను మావోనికి అడుగుదామనే పోతా ఉంటిని. దేవుడు మాదిరి కనపడితివి నాయనా," అని నా చేతిలో ఒక అరటిపండు పెట్టి దిగిపోయాడు.

ఆ అమ్మాయికి నయమై ఇంటికి వెళ్లి ఏడాది దాటిందన్న మాట నేను చెప్పనే లేదు. బండి కదిలింది. "జబ్బు పూర్తిగా నయమైంది పెద్దాయనా!" అని కిటికీలోంచి అరిచాను.

వీడ్కోలనుకున్నాడేమో, నవ్వి చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు అదే పని చేశాను. రైల్లో ఎవరైనా అడిగితే మాత్రం తాలూకా కచేరీలో గుమాస్తానని చెప్పేవాణ్ణి.