మా గల్లీలో మైకు ఆపిన చాచా

మైకు చాచా పోయాడని మొన్న శుక్రవారం మా అమ్మ ఫోను చేసింది. నేను జగిత్యాలలో కాలేజీ మెట్ల మీద ఉన్నాను. కోరుట్లలో ఒక చీరల దుకాణం ప్రచారానికి వెళ్లాడట. ఆటోను రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, హ్యాండిల్ మీద తల వాల్చాడట. నిద్రపోతున్నాడనుకున్నారు. ఎవరో వచ్చి ఆపేదాకా, ముందే రికార్డు చేసిన ఆయన గొంతు పైన మైకులో చీరల ధరలు చెబుతూనే ఉందట.

సిరిసిల్లలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఆయన ఇల్లు. కొత్త దుకాణం తెరిచినా, మేక తప్పిపోయినా, నల్లా నీళ్లు రాకపోయినా ఊరికి ఆయన గొంతే చెప్పేది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఆసుపత్రి ముందు, పరీక్షల రోజుల్లో బడి ముందు మైకు తగ్గించేవాడు. "మైకున్నదని మనం మొత్తుకోవద్దు బేటా. మొత్తుకునుడు గా మైకు పని. మనం చెప్పాలె, గంతే," అనేవాడు.

పోయిన ఎండాకాలం మా గల్లీలో మరమగ్గం నడిపే అన్న కూతురికి రక్త క్యాన్సర్ అని తేలింది. ఆరేళ్ల పాప. హైదరాబాదులో చెప్పిన ఖర్చు విని వాళ్ల అమ్మ అక్కడే కూలబడిందట. కార్ఖానాలో తోటివాళ్లు తలా ఒక రోజు కూలి ఇచ్చారు. అది ఏ మూలకూ సరిపోలేదు. అప్పుడు చాచా తన ఆటోలో ఊళ్లు తిరిగి అడుగుతానన్నాడు, కిరాయి తీసుకోకుండా. ఏం చెప్పాలో రాసిమ్మని నా దగ్గరికి వచ్చాడు.

"వ్యాసాలకు ప్రైజులు తెస్తవట కదా. రాయి, చూద్దాం నీ తడాఖా."

నాకు అప్పుడే మాటల పిచ్చి పట్టింది. కూర్చుని రాశాను. 'చావు నీడలో క్షణాలు లెక్కపెడుతున్న పసిమొగ్గ. రేపటి సూర్యుణ్ని చూస్తుందో లేదో తెలియని చిన్నారి.' రాస్తుంటే కళ్లు చెమర్చాయి. నిజం చెప్పాలంటే అది పాప కోసం కాదు, వాక్యం బాగా కుదిరినందుకు.

చాచా చదివి బుగ్గ నిమురుకున్నాడు. "జర ఎక్కువైతలేదా?"

"లేదు చాచా, గిట్లుంటేనే జనం ఆగుతరు."

జనం ఆగారు. వేములవాడ బస్టాండు దగ్గర ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ డబ్బాలో నోట్లు వేశారు. మూడో రోజు అదే చెప్పుకుంటూ మా గల్లీలోకి తిరిగాం. నేను చాచా పక్కనే కూర్చున్నాను. పాపను ఆ పొద్దున్నే ఆసుపత్రి నుంచి రెండు రోజుల కోసం ఇంటికి తెచ్చారని మాకు తెలియదు. తలకు గుడ్డ కట్టుకుని గడపలో కూర్చున్న ఆ పిల్ల మైకులో తన పేరు విన్నది. లేచి, మెల్లగా నడుచుకుంటూ ఆటో దగ్గరికి వచ్చింది.

"చాచా, నేను సచ్చిపోతనా?"

చాచా మైకు ఆపేశాడు. "ఎవరన్నరు బిడ్డా?"

"నీ మైకే అన్నది."

"దీని మాట వింటవా? కరాబైంది ఇది. నిన్న చీరల దుకాణం కాడ వంకాయలని ఒర్రింది."

పాప నవ్వింది. "మరి బాగు చేయించు."

"చేయిస్త తల్లీ."

ఆయన నన్ను తిట్టలేదు. సాయంత్రం కాగితం తిరిగి ఇచ్చి ఒకటే అన్నాడు: "ఆ బిడ్డ ఎదురుంగ కూసుండి విన్నా నాకు నోరు రావాలె. గట్ల రాయి." నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లు తల అడ్డంగా ఊపాడు. ఐదోసారికి మూడు వాక్యాలు మిగిలాయి. 'ఈ పాపది మన సిరిసిల్ల. ఒంట్లో బాగాలేదు, మందులు ఖరీదు. మీకు చేతనైనంత సాయం చేయండి.' నేను ఇంతవరకు రాసిన వాటిలో సిగ్గుపడకుండా చదవగలిగేవి అవే.

కానీ ఆ మాటలకు జనం ఆగలేదు. కోరుట్లలో, జగిత్యాలలో తిరిగి తిరిగి వచ్చినా డబ్బా తేలికగానే ఉండేది. పాప తండ్రి చాచా చేతులు పట్టుకున్నాడు. "ముందటిదే చెప్పు చాచా. కోరుట్లల మాట్లాడితే నా బిడ్డకు ఇనబడదు కదా."

"నాకు ఇనబడ్తది కదరా," అన్నాడు చాచా.

వానాకాలంలో పాప చనిపోయింది. మధ్యలో ఒకసారి డబ్బు అందక మందు ఆలస్యమైంది. దానివల్లనా, జబ్బు అంత ముదిరినందువల్లనా మాకు ఎవరూ చెప్పలేదు. దశదినకర్మ రోజు తండ్రి గల్లీ అందరి ముందూ చాచా మీదికి వచ్చాడు. "నా బిడ్డను భయపెట్టింది నీ మైకే. ఏడ్వాల్సినప్పుడు నోరు మూసుకున్నదీ నీ మైకే."

చాచా తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మొదటి మాటలు రాసింది నేనని చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను. నేనూ చెప్పలేదు. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు.

శనివారం పొద్దున ఖబరస్తాన్‌కు వెళ్లాను. పాప తండ్రి కార్ఖానా నుంచి నేరుగా వచ్చాడు. జుట్టులో, కనుబొమ్మల మీద తెల్లటి దూది నూగు. ఎవరినీ పలకరించలేదు. వరుస చివర నిలబడి, తన వంతు వచ్చినప్పుడు మూడు పిడికిళ్ల మట్టి వేశాడు.

జనం కదులుతుంటే దగ్గరికి వెళ్లాను. "అన్నా, పాపను భయపెట్టిన ఆ మాటలు రాసింది చాచా కాదు. నేను."

నా వైపు చూడకుండానే అన్నాడు. "ఎరుకేరా. చాచాకు గంత తెలుగు యాడిది?"

మళ్లీ సమాధి దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. అందరూ గేటు దాటిపోయారు. ఆయన మాత్రం తడిమట్టిలోంచి రాళ్లు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు, తల ఉన్న వైపు నుంచి.