తెరుచుకోని ఓపెన్ షెల్ఫు

డెబ్బయ్యో దశకం చివర్లో నన్ను వరంగల్లులోని ఒక పరిశోధన కళాశాల గ్రంథాలయానికి అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా వేశారు. కళాశాల పేరు చెప్పను. అప్పటివాళ్ళు కొందరు ఇంకా పింఛను తీసుకుంటున్నారు, హాయిగా తీసుకోనివ్వండి. హోదాలో నేను లైబ్రేరియన్‌కు కింద, చెదపురుగులకు కాస్త పైన. లైబ్రేరియన్ పోస్టు ఎప్పుడూ ఖాళీయే. చెదలు మాత్రం ఏ పోస్టూ ఖాళీ ఉంచలేదు.

ఈ కాలం వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో ఒక ఆచార్యుడి పరిశోధన వ్యాసం పత్రికలో అచ్చయితే, ఆ వ్యాసం మటుకు విడిగా కుట్టిన ప్రతులు కొన్ని ఆయనకు వచ్చేవి. వాటిని రీప్రింట్లు అనేవాళ్ళం. నలుగురికీ పంచండని పంపేవారు. మావాళ్ళు వాటిని ఇనుప బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవారు. జర్మనీ నుంచి ఎవరైనా కార్డు రాసి అడిగితే విమానంలో పంపేవారు. పక్క గదిలోని విద్యార్థి అడిగితే మాత్రం, "ఎందుకు?" అనేవారు.

నేనొక పథకం రాసి పైకి పంపాను. ప్రతి ఆచార్యుడూ తన వ్యాసాల రీప్రింట్లు ఒక్కొక్కటి గ్రంథాలయానికి ఇవ్వాలి. వాటిని తలుపుల్లేని అరల్లో పెడతాం. ఎవరైనా వచ్చి తీసుకుని చదవొచ్చు, రాసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా వృత్తిలో దాన్ని ఓపెన్ షెల్ఫు అంటారు. పథకం మంజూరైంది. ఇవ్వకపోతే ఏమీ రాయలేదనుకుంటారన్న భయంతో అందరూ ఇచ్చారు. మట్టెవాడ వడ్రంగి టేకు అరలు చేసి తెచ్చాడు.

చిక్కంతా పేరుతో వచ్చింది. మన దగ్గర ఓపెన్ అంటే ఓపెనింగ్. రిబ్బను, కత్తెర, పూలదండ, మైకు. మా ఆఫీసు సూపరింటెండెంటు సత్తయ్య ఆ అరలకు తెల్లగుడ్డ కప్పించి, ఎర్ర రిబ్బను బిగించి, ముడుల మీద లక్క ముద్రలు వేయించాడు. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చి ప్రారంభించాలట.

"సత్తయ్యగారూ, ఓపెన్ షెల్ఫు అంటేనే తెరిచి ఉండేది" అన్నాను.

"గదే నేనంటాన సార్. ఓపెన్ గాకముందే ఓపెన్ జేస్తె, ఇగ పెద్దసారు వచ్చి ఏం ఓపెన్ జేస్తడు?"

తర్కంలో లోపం లేదు. పెద్దాయన ఒకసారి వానలకు ఆగిపోయారు, ఒకసారి మీటింగుకు, ఒకసారి పన్ను నొప్పికి. అప్పటిదాకా వేర్వేరు బీరువాల్లో మూతపడి ఉన్న విజ్ఞానమంతా ఇప్పుడు ఒక్కచోటే మూతపడింది. గ్రంథాలయ శాస్త్రంలో దీన్ని కేంద్రీకరణ అంటారు.

అప్పుడు వచ్చింది మెర్సీ. వర్ధన్నపేటలో మిషన్ బడి టీచరు. సెలవు పెట్టి మా దగ్గర మిరపాకుల మచ్చతెగులు మీద పరిశోధన చేసింది. ఆమె థీసిస్ పరీక్షకుడి దగ్గర్నుంచి తిరుగు టపాలో వచ్చింది. ఇదే తెగులు మీద రాగి మందుతో మీ కళాశాల కెమిస్ట్రీ ఆచార్యుడే వ్యాసం రాశారు కదా, దాన్ని చూడకుండా ఎలా ముగించారు? చూసి, పోల్చి, మళ్ళీ పంపండి అని. ఆమె సెలవు ఆ నెలాఖరుతో సరి.

ఆ కెమిస్ట్రీ ఆచార్యుడే మా డీన్, అంటే ఆచార్యులందరికీ పెద్ద.

"సార్ తానకు వోయిన" అంది మెర్సీ. "షెల్ఫుల వెట్టిన గదమ్మా, ఓపెన్ అయినంక సదువుకో అన్నడు. ఆ పత్రిక మనకు రాదాయె. సెలవు ఒడిసి బడికి వోతె, ఇగ నా థీసిస్ మిర్చి బజ్జీల పొట్లాలకే సార్."

ముద్ర నేను పగలగొడితే నాకు మెమో వస్తుంది, అది ఫరవాలేదు. దొంగచాటుగా తీసిన వ్యాసమని ఆమె థీసిస్‌కూ మచ్చ పడుతుంది. సత్తయ్యను బతిమాలాను. "జర సబర్ జెయ్యుండ్రి సార్, పెద్దసారు వస్తాండు" అన్నాడు.

ఇక నాకు నిజంగా చేతనైన విద్యనే నమ్ముకున్నాను. మధ్యాహ్నం టీ వేళ డీన్ గారి పక్కన చేరి, మెల్లగా చెవిన వేశాను. సార్, మీ వ్యాసాలు అడుగు అరలో పడ్డట్టున్నాయి. బాటనీ వాళ్ళవి పై అరలో ఉన్నాయి. పెద్దాయన గుడ్డ లాగగానే కంటికి ఆనేవి అవే.

డీన్ గారి టీ సాసర్లోనే చల్లారిపోయింది. "ఆకులు లెక్కవెట్టుకునెటోళ్ళు నా నెత్తి మీద గూసుంటరా? ఏడున్నదయ్యా కత్తెర?"

కత్తెర ఆయన లాబులోదే. సత్తయ్య పరుగున వచ్చాడు. "సార్, పెద్దసారు రాకముందే ఓపెన్ జేస్తె..."

"నేను ఓపెన్ జేస్తలేనయ్యా. సర్దుతాన."

లక్క ముద్రలు టపటపా రాలాయి. తీరా చూస్తే ఆయన వ్యాసాలు పై అరలోనే ఉన్నాయి. డీన్ నా వైపు చూశారు. సత్తయ్య ముందే సర్దేసినట్టున్నాడు సార్, మంచి మనిషి అన్నాను. సత్తయ్య నోరు తెరిచాడు, మెచ్చుకోలు కాబట్టి మూసుకున్నాడు.

అంతలో మెర్సీ తనకు కావలసిన డీన్ వ్యాసం అందుకుంది. "సార్, ఇది తెరుచుకుంటలేదు!"

ఆ రోజుల్లో కొన్ని అచ్చుకూటాలు కాగితం మడత అంచు కోయకుండానే కుట్టి పంపేవి. చదవదలచినవాడే కోసుకోవాలి. అంటే, ఆ ప్రతిని అచ్చయినప్పటి నుంచి రాసినాయనతో సహా ఎవరూ తెరవలేదు. డీన్ ఆ ప్రతిని ఆమె దగ్గర్నుంచి తీసుకున్నారు. "ప్రెస్సోళ్ళు మర్చిపోయిండ్రు" అని, అదే కత్తెరతో మడతలన్నీ కోసి ఆమె చేతికిచ్చారు. నా లెక్కలో ఓపెన్ షెల్ఫుకు ఓపెనింగ్ అదే.

మెర్సీ అక్కడే కూర్చుని పట్టికలన్నీ రాసుకుంది. తిరగరాసిన థీసిస్ చూసి డీన్ ఉలిక్కిపడ్డారు.

"మందుకు తెగులుతోని పాటు ఆకు గూడ సచ్చిందని రాసినవేందమ్మా?"

"మీ పట్టికల్నే ఉన్నది సార్."

ఆయన తన పేరున్న పేజీ మళ్ళీ తిరగేసి చూసుకున్నారు. తన వ్యాసాన్ని పేరు పెట్టి ప్రస్తావించిన మొదటి మనిషి ఆమే. ఆకు సంగతి మింగేశారు. థీసిస్ గడువులోనే వెళ్ళింది, నెగ్గింది. మెర్సీ డాక్టరై తన బడికి తిరిగి వెళ్ళింది.

సత్తయ్య మళ్ళీ రిబ్బను కట్టి ముద్రలు వేశాడు. 'సర్దుబాటు నిమిత్తం తాత్కాలికంగా విప్పడమైనది' అని ఫైలులో రాసుకున్నాడు. పెద్దాయన చివరికి వచ్చి, తెరిచినదాన్ని తెరిచారు. విజ్ఞానం అందరిదీ కావాలని తానెంత పోరాడారో డీన్ మైకులో చెప్పారు. చేతిలో మెర్సీ థీసిస్, తన పేరున్న పేజీ దగ్గర వేలు. తరువాతి పేజీలో ఆకు చచ్చిపోతుంది కనుక అటు తిప్పలేదు.

నడివయసులోనే ఆ ఉద్యోగం వదిలేశాను గాని, అక్కడ నేర్చిన పాఠం వదల్లేదు. విద్వాంసుల చేత విద్యను తెరిపించాలంటే, విద్య గొప్పదని బోధించి లాభం లేదు. పక్కవాడి పేరు పైన ఉందని చెబితే చాలు. కత్తెర వాళ్ళే తెచ్చుకుంటారు.