మేకుల పలక

కావ్‌షియుంగ్ రేవు దగ్గర మా తుక్కు షెడ్డులో షియె బావోజూ పంతొమ్మిదేళ్లుగా కూల్‌డ్రింక్ డబ్బాలు ఏరుతోంది. ఇనుప డబ్బాలను అయస్కాంతం లాక్కుంటుంది. అల్యూమినియం డబ్బాల్లో కలిసిన చెత్తను ఆమె తీసేస్తుంది. వాటిని దిమ్మెలుగా నొక్కే మిషన్ నాది.

ఒక వేసవి ఉదయం మేం పంపిన లోడు కరిగించే చోటి నుంచి తిరిగొచ్చింది. ఒక దిమ్మెలో టీ మిగిలిన డబ్బా ఉందట. కొలిమిలో పడగానే పేలి, కరిగిన లోహం పైకప్పు దాకా చిమ్మిందట. అదృష్టం, దగ్గర ఎవరూ లేరు.

"గుక్కెడు టీకి అంత గొడవా? కోతలు!" అన్నాను.

"కోతలో కాదో చూసొద్దాం పద," అంది బావోజూ.

కొలిమి మేస్త్రీ లియావ్ మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏం పెద్దమ్మా, టీ పంపింది చాలక దగ్గరుండి కాచుకుందామని వచ్చావా?"

"ముందా కొలిమి తలుపు తియ్యి నాయనా. వేళాకోళం తర్వాత."

తీశాడు. ఎర్రటి మంటలు కనిపిస్తాయనుకున్నాం. మంటను తగ్గించిన ఆ కొలిమిలో, అలలేని చెరువులా వెండి రంగు లోహం నిండుగా నిలిచి ఉంది. అంచుల్లో మాత్రం లేత గులాబీ వెలుగు. వేడికి మొహం చుర్రుమంటున్నా కళ్లు తిప్పుకోలేకపోయాం.

"ఇవన్నీ... నేను ఏరినవేనా?"

"నువ్వూ, నీలాంటోళ్లూ ఏరినవే. మళ్లీ డబ్బాలై అంగళ్లకొస్తాయి. మళ్లీ ఇక్కడికొస్తాయి."

"అట్లా ఎన్నిసార్లు?"

"శుభ్రంగా పంపితే ఎన్నిసార్లయినా."

"ఇన్నేళ్లూ చెత్త వదిలించుకుంటున్నాననుకున్నానయ్యా," అని ఆమె గుడిలో లాగా చేతులు జోడించి వంగింది. నవ్వు రాలేదు నాకు. నా చేతులూ జోడించి ఉన్నాయి.

మర్నాడే, డబ్బాల్లో మిగిలింది కారిపోవాలని బావోజూ ఒక చెక్క పలకకు మేకులు దిగ్గొట్టింది. డబ్బాల మీద నొక్కితే చిల్లులు పడ్డాయి కానీ, డబ్బాలు మేకులకే వేలాడాయి.

"కబాబులు బాగున్నాయి, సాస్ పొయ్యనా?" అన్నాను.

"నోరు మూసుకుని రంపం ఇటివ్వు!"

మేకులు దూరేలా కంతలున్న మరో పలక కింద వదులుగా తగిలించాక, దాన్ని కిందికి నెడితే డబ్బాలు ఊడొచ్చాయి. వాటిని వలమీద ఎండబెట్టాం. తొలిరోజే కింద రెండు బకెట్ల టీ, బీరు, సోయాపాలు కారాయి. అదంతా మేం ఇన్నాళ్లూ కొలిమిలోకి పంపిందే!

తర్వాతి లోడు వెనక్కి రాలేదు. పక్క షెడ్లవాళ్లు పలక కొలతల కోసం వచ్చారు. బావోజూ ఇవ్వలేదు.

"ముందెళ్లి ఆ కొలిమి చూసి రండి," అంది. "కొలతలు అప్పుడు చెప్తా."